ఆవిడ మాట్లాడదండి

ఆ పొద్దున్న హాస్యనటి పెట్టుకున్న పని ఒక్కటే: సాయంత్రం దాకా నోరు విప్పకపోవడం. ముందురోజు రిహార్సల్లో పై స్థాయి పాటలు పాడి పాడి ఆవిడ గొంతు బొంగురుపోయింది. "ఒక్క రోజు మాట్లాడకండి. గుసగుసలు కూడా వద్దు. రేపటికి అదే సర్దుకుంటుంది," అన్నాడు గొంతు డాక్టరు. రేపు సాయంత్రమే కొత్త పాటల నాటకం మొదటి ప్రదర్శన.

ముప్పై రెండేళ్లుగా ఆవిడ పాటల నాటకాల్లో జనాన్ని నవ్విస్తోంది. మొదట్లో బృందగానంలో చివరి వరసలో నిలబడేది. ఒక రోజు గయ్యాళి అత్త వేసే నటికి గొంతు పట్టేస్తే, ఆ వేషం ఈవిడ చేత కట్టించారు. ఆ నటికి మళ్లీ ఆ వేషం దక్కలేదు. ఆ తర్వాత చెవిటి పనిమనిషి, పెళ్లిళ్ల పేరమ్మ, మతిమరుపు మేనత్త... తెర పక్కనుంచి తల బయటపెడితే చాలు, చివరి వరస దాకా నవ్వు పాకుతుంది. వేషాలు ఎలా చేతులు మారతాయో ఆవిడకు బాగా తెలుసు. అందుకే మనవడి పలక తీసుకుని, "గొంతు సంగతి ఎవరికీ చెప్పకండి. ఫోన్లు మీరే చూడండి," అని రాసి భర్తకు చూపించింది.

భర్త అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. లేని అక్షరం చేర్చడు, ఉన్న అక్షరం తీసెయ్యడు. పలక మీద ఒక దీర్ఘం సరిదిద్ది, అప్పుడు సరేనన్నాడు.

తొమ్మిదింటికి దర్శకుడు ఫోను చేశాడు.

"బావగారూ, అక్కయ్య ఉందా?"

"ఉంది."

"ఒకసారి ఇస్తారా?"

"ఆవిడ మాట్లాడదండి."

"ఎవరితో? నాతోనా?"

భర్త ఆలోచించాడు. అదీ నిజమే. "మీతో కూడానండి."

"ఎందుకనీ?"

"కారణం చెప్పొద్దంది."

"నిన్న రిహార్సల్లో జరిగినదాని వల్లేనా?"

గొంతు పోయింది అక్కడే కదా. "అవునండి. దానివల్లే," అన్నాడు భర్త, ఎంతో నిజాయితీగా.

దర్శకుడికి వెంటనే గుర్తొచ్చింది. నిన్న రిహార్సల్ మధ్యలో ఆవిడ, "చివరి రంగంలో జోలపాట నేను పాడనా?" అని అడిగింది. అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. "మీరు జోల పాడితే ఊయల్లో పిల్లాడు లేచి చప్పట్లు కొడతాడక్కయ్యా!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. ముప్పై రెండేళ్లలో జనం నిశ్శబ్దంగా వినే పాట ఒక్కటీ తనకు ఇవ్వలేదన్న మాట మాత్రం ఎవరితోనూ అనలేదు.

దర్శకుడు హార్మోనియం మాస్టారికి ఫోన్ చేసి అక్కయ్య అలిగిందన్నాడు. మాస్టారు వేషాలు కుట్టే దర్జీకి చేసి అక్కయ్య నాటకం మానేసేలా ఉందన్నాడు. దర్జీ కథానాయిక వేసే అమ్మాయికి చేసి, అక్కయ్య వేరే బృందంలో చేరిపోయిందనీ, అక్కడ కొలతలు కూడా ఇచ్చేసిందనీ చెప్పాడు.

పదకొండింటికల్లా మాస్టారు, దర్జీ, అమ్మాయి ముగ్గురూ ఆవిడ ముందుగదిలో ఉన్నారు.

"తప్పైపోయింది చెల్లెమ్మా," అన్నాడు మాస్టారు. "నువ్వు పై స్థాయికెళ్తే పాడవు, అరుస్తావని అందరితో అన్నది నేనే. నీ చెవిన పడుతుందనుకోలేదు."

ఆవిడ చెవిన పడటం అదే మొదటిసారి. కళ్లు పెద్దవి చేసి చూసింది.

ఆ చూపు దర్జీ తట్టుకోలేకపోయాడు. "అమ్మగారూ, మీ నడుము రెండంగుళాలు పెరిగిందని చాటింది నేనే. నిజానికి మూడు. ఒకటి తగ్గించే చెప్పాను."

"పిన్నీ, తెర వెనక మీ నడక నడిచి చూపిస్తున్నది నేనే," అని అమ్మాయి భోరుమంది.

ఆవిడ నోరు తెరిచింది. భర్త పెదాల మీద వేలు పెట్టాడు. ఆవిడ నోరు మూసుకుంది. ఇక దాచి లాభం లేదనుకుని పలక కోసం వెతికింది. దాని మీద దర్జీ కూర్చుని ఉన్నాడు. చేసేదిలేక గొంతు మీద అడ్డంగా చెయ్యి పెట్టి, తల అడ్డంగా ఊపింది.

"మనం ఆవిడ గొంతు కోశామంటోంది!" అన్నాడు మాస్టారు.

సరిగ్గా అప్పుడే దర్శకుడు పరుగెత్తుకొచ్చాడు. "అక్కయ్యా, జోలపాట మీదే!"

"మీరే పాడండి పిన్నీ. కింది స్వరాలు నాకెలాగూ అందట్లేదు," అంది అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ.

ఆవిడకు ఆనందం ఆగలేదు. మరుక్షణం గొంతు గుర్తొచ్చి తల అడ్డంగా ఊపింది.

"వెలుగంతా మీ మీదే పెట్టిస్తాను."

మళ్లీ ఊపింది.

"సరే, నాటకం ఆ పాటతోనే ముగిస్తాను! ఇంకేం కావాలి?"

ఆవిడ తల ఆగిపోయింది. దర్జీని లేపి, పలక లాక్కుని రాసింది: "గొంతు బొంగురుపోయింది. డాక్టరు మాట్లాడొద్దన్నాడు. రేపటికి తగ్గుతుంది."



"అంటే... మీకు మా మీద కోపం లేదా?" అన్నాడు దర్శకుడు.

ఆవిడ ముగ్గురినీ ఒక్కొక్కరిగా చూసి, చెరిపి రాసింది: "ఇందాకటి దాకా లేదు."

దర్శకుడు భర్త వైపు తిరిగాడు. "అయితే ఆ జోలపాట సంగతి..."

"ఇచ్చేశారండీ," అన్నాడు భర్త. "నేను విన్నాను."

మర్నాడు గొంతు వచ్చింది కానీ, అడుగున కొంచెం జీర మిగిలింది. చివరి రంగంలో ఆవిడ ఊయల పక్కన కూర్చోగానే జనం అలవాటు కొద్దీ నవ్వారు. మొదటి చరణానికీ నవ్వారు. రెండో చరణానికి నవ్వు పలచబడింది. ఆ తర్వాత ఎవరో ఒక్కరు దగ్గారు. ఆ పైన అదీ లేదు. పాట అయిపోయినా చాలాసేపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ నిశ్శబ్దాన్ని ఆవిడ కళ్లు మూసుకుని, తనివితీరా విన్నది.

అప్పుడు లేచి, దణ్ణం పెట్టబోయి, చీర అంచు కాలికింద పడి నిలువునా బోర్లా పడింది. హాలు దద్దరిల్లిపోయింది. తడి కళ్లతోనే జనం పగలబడి నవ్వారు. నేలమీద ఉన్న ఆవిడకూ నవ్వాగలేదు.

తెర పడగానే దర్శకుడు పరుగున వచ్చాడు. "అద్భుతం అక్కయ్యా! రేపటి నుంచి ఆ పడటం కూడా ఉంచేద్దాం!"

ఎడమ మోకాలు రుద్దుకుంటూ ఆవిడ ఒప్పుకుంది, రేపటి నుంచి కుడి మోకాలి మీద అన్న షరతుతో.