నిటారు పథకంలో ఒక సున్నా

భూ రికార్డుల జాయింట్ డైరెక్టర్ రవిచంద్ర గారు తన భూమి తినేశారని పూతలపట్టు పక్క పల్లె పెంచలయ్య కనిపించిన ప్రతివాడికీ చెబుతున్నాడు. ఇది పచ్చి అబద్ధం. రవిచంద్ర గారు ఎవరిదీ తినలేదు. ఆయన చేసిందల్లా పెంచలయ్య లెక్కలో ఒక సున్నా చేర్చడం. సున్నా చేర్చినందుకు ఒక అధికారి తిట్లు తినడం మన జిల్లాలోనే చూస్తున్నాం.

కథ మంత్రిగారి సమీక్షలో మొదలైంది. గోడంత తెర మీద జిల్లా భూముల పట్టిక వేశారు. మంత్రిగారు నీళ్ల సీసా మూత తిప్పుతూ చూసి, "ఏందబ్బా ఇది, అంకెలన్నీ తాగినోళ్ల మాదిరి ఒగటి ముందు, ఒగటి యెనక" అన్నారు. అంతలో ఫోన్ వస్తే లేచి వెళ్లిపోయారు. ఆ రోజు భూముల గురించి ఆయన మాట్లాడింది అంతే. అందులో ఒక పథకం దాగి ఉందని కనిపెట్టడానికి రవిచంద్ర గారికి పావుగంట పట్టింది. ఆయన మేధస్సు అలాంటిది.

వారం తిరక్కుండా 'నిటారు' పథకం ప్రకటించారు. ఇకమీదట రైతు పేరైనా, భూమి కొలతైనా కంప్యూటర్‌లో ఒకే వెడల్పు గడిలో, ఒకే గీతకు ఆని నిలబడాలి. గడి దాటిన పేరును కోసెయ్యాలి. గడి నిండని పేరుకు చుక్కలు, అంకెకు సున్నాలు పెట్టి నింపాలి. చెన్నై కుర్రాళ్లు రాసిన ప్రోగ్రాము రెండు లక్షల వరుసలను పదకొండు నిమిషాల్లో నిలబెట్టింది. మునివెంకటప్ప మునివెంకట అయ్యాడు. కోమలికి రెండు చుక్కలు వచ్చాయి. ఎన్నిసార్లు అర్జీ పెట్టినా ఏమీ ఇవ్వని సర్కారు అడక్కుండానే రెండు చుక్కలు ఇచ్చిందని ఆమె సంతోషించింది. 'నిటారు రికార్డు, నిటారు రైతు' అని కూడలిలో ఫ్లెక్సీ కట్టారు. అది కొంచెం వంకరగా కట్టారు.

పెంచలయ్య నాలుగో తరగతితో బడి మానేసినవాడు. కానీ తన తోట కొలత అతనికి నోటికి వచ్చు. రెండెకరాల నలభై సెంట్లు, అంతా తోతాపురి మామిడి. తూర్పు కొసన బోరు. ఆ బోరు లేకపోతే తోటకు చుక్క నీళ్లు లేవు. కొత్త పాస్‌బుక్‌లో మాత్రం 2.04 అని ఉంది.

ఊరి సచివాలయంలో వీఆర్వో నాగవేణి ముందు పుస్తకం పెట్టాడు.

"అమ్మా, ఈడ నాలుగు సెంట్లని ఉండాది. నాది నలభై."

ఆమె కంప్యూటర్‌లో చూసింది. "నలభై అనే ఎక్కించినారు పెద్దాయనా. కొసన ఉండే సున్నాకి విలువ లేదని కంప్యూటరు తీసేసింది. నాలుగు మిగిలింది. సెంట్ల గడిలో రెండంకెలు ఉండాల. అందుకని సారు ప్రోగ్రాము సున్నా పెట్టింది."

"పెట్టింది మంచిదే. తీసినకాడ పెట్టకుండా ముందర యాల పెట్టింది?"

"కుడి అంచు సమానంగా రావాలని ఆర్డరు. అంకెని కుడికి జరిపితే ఖాళీ ఎడమ పక్కే గదా వచ్చేది."

"మరి నా ముప్పై ఆరు సెంట్లు యాడికి పోయినాయి?"

"యాడికీ పోలేదు. ఆడనే ఉండాయి. నీవి కావు, అంతే."

పెంచలయ్య బస్సెక్కి చిత్తూరు పోయాడు. రవిచంద్ర గారు ఎంత నిరాడంబరులంటే, మూడోరోజే లోపలికి రానిచ్చారు. ప్రింటు తీసి టేబుల్ మీద పరిచి, దాని మీద స్కేలు పెట్టారు.

"చూడు. ఒక్క అంకెయినా గీత దాటిందా?"

"లేదు సార్."

"మరి తప్పెక్కడుంది?"

"తోటలో సార్."

"తోట నా డిపార్ట్‌మెంట్ కాదు" అన్నారు రవిచంద్ర గారు ఎంతో ఓపికగా. సవరణ అర్జీ పెట్టుకొమ్మని దారి కూడా చూపించారు.

అర్జీలో పెంచలయ్య 2.40 అని దిద్ది దిద్ది రాశాడు. దాన్నీ అదే కంప్యూటర్‌లో ఎక్కించారు. పదిహేను రోజులకు జవాబు వచ్చింది. 'మీ కోరిక పూర్తిగా అంగీకరించబడినది. సవరించిన విస్తీర్ణం 2.04.'

పెళ్లాం దేవకమ్మ కాగితం చదివించుకుని వినింది. "ఇంగో అర్జీ పెట్టబాకయ్యా. ఈసారి ఆ రెండెకరాల ముందర కూడా ఏదన్నా సున్నా దూరతాది."

ఇంకో అర్జీ అవసరం రాలేదు. సోమవారం సర్వేయర్ యోగానంద హద్దు రాళ్లతో వచ్చి తోట తూర్పు కొసన గుంతలు తవ్వించాడు. పక్క పొలం మోహన్‌కృష్ణది. ఆయన మండలంలో ప్రజాప్రతినిధి. ఎకరా అయిదు సెంట్లు ఆయనది. పాత కరణం 1-5 అని రాసిపోయాడు. కొత్త రికార్డులో 1.50 అయింది.

"మోహన్‌కృష్ణా, నీది ఎకరా అయిదు సెంట్లు గదప్పా. మీ నాయన కొనేటప్పుడు కొలిచే చైను పట్టుకునింది నేనే."

"నేనేమన్నా అడిగినానా పెంచలన్నా? సర్కారు మర్యాదకి పెట్టింది. వద్దంటే బాగుండదు."

"నీకు యెనక పడింది, నాకు ముందర పడింది. ఒగే ప్రోగ్రామే గదా?"

రాళ్లు చూడ్డానికి వచ్చిన నాగవేణి ఫైల్లోంచి ఆర్డరు తీసి ఏడో పేరా చదివింది. ప్రజాప్రతినిధుల వరుసలను ప్రోటోకాల్ మేరకు ఎడమ అంచుకు ఆనించవలెను, ఖాళీని కుడి పక్కన పూడ్చవలెను.

"వాళ్లు ముందు నిలబడాల పెద్దాయనా. వాళ్ల ముందర పోయి సున్నా నిలబడితే ఏం బాగుంటాది?"

మోహన్‌కృష్ణకు పెరిగిన నలభై అయిదు సెంట్లలో తొమ్మిది పక్కన పారే వంకలోంచి తీశారు. మిగిలింది ఎక్కణ్ణించి వచ్చిందో బోరు పక్కన పాతిన రాయి చూస్తే తెలుస్తుంది. జిల్లా మొత్తం విస్తీర్ణంలో ఒక్క సెంటు తేడా రాలేదని రవిచంద్ర గారికి తిరుపతి సభలో శాలువా కప్పారు.

యోగానంద పంచనామా కాగితం చాపాడు. "సంతకం పెట్టు. పెట్టకపోతే మిగిలిన భూమిని కూడా వివాదంలో ఎక్కిస్తాం. తరవాత నువ్వు మాపైన అలగబాక."

"నీళ్లకేముండాది పెంచలన్నా, అడిగితే ఇడస్తా" అన్నాడు మోహన్‌కృష్ణ బోరు స్టార్టరు పెట్టెకు కొత్త తాళం వేస్తూ.

పెంచలయ్య సంతకం చేశాడు. అది గడి దాటింది. కంప్యూటరు తీసుకోదని యోగానంద ఇంకో కాగితం ఇచ్చాడు. ఈసారి పెంచలయ్య మోకాళ్ల మీద వంగి, గీతలకు తగలకుండా, చిన్నగా, నిటారుగా రాసి ఇచ్చాడు. దాని పక్క గడిలో, రైతు స్వచ్ఛందంగా వదులుకున్న భూమి అన్నచోట, యోగానంద నింపాడు: సున్నా ఎకరాల ముప్పై ఆరు సెంట్లు.