పాల మీద ఒక కన్ను

ఆ ఉదయం దశాంశంగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. వంటింట్లో ఒక మూల కుర్చీ వేసుకుని, దేన్నీ ముట్టుకోకుండా, భార్య ఏయే పనులు చేస్తుందో చూడాలి. అంతే. గణాంక శాఖలో ఆయనకు ఆ పేరు తగిలించింది సహోద్యోగులు. టీలో చక్కెర ఎంత వేయమంటారని అడిగితే, "చెంచాకు కొంచెం ఎక్కువ, చెంచాన్నరకు బాగా తక్కువ" అని చెప్పే మనిషికి అంతకంటే తగిన పేరు దొరకడం కష్టం.

ఆ కుర్చీ వెనుక ఒక పంతం ఉంది. ఆడవాళ్లు డబ్బుకు చేసే పని ఎంత, డబ్బు లేకుండా చేసే పని ఎంత అని దేశమంతటా తేల్చడానికి శాఖ సర్వే తలపెట్టింది. ప్రశ్నపత్రంలో వండటానికి గడి ఉంది, ఉతకడానికి ఉంది, కుట్టడానికీ ఉంది. పొయ్యి మీదో పసిపిల్ల మీదో ఓ కన్నేసి ఉంచడానికి మాత్రం లేదు. దానికీ ఒక గడి ఉండాలని దశాంశంగారు పట్టుబట్టారు.

"చూస్తూ కూర్చోవడం పనేమిటయ్యా?" అని డైరెక్టరుగారు నిండు సమావేశంలో నవ్వారు. "అలా అయితే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లంతా ఉద్యోగస్తులే! సరే, రేపు మధ్యాహ్నం మీ ఇంటికొస్తాను. అది పనిలా కనిపించిందా, గడి పెట్టుకుందాం. లేదా, మిమ్మల్ని పశుగణనకి పంపిస్తాను. గొర్రెలు ఎదురు ప్రశ్నలెయ్యవు."

దశాంశంగారికి గొర్రెల మీద ద్వేషమేమీ లేదు. కానీ వాటి విషయంలో ఆయనకు తెలుసుకోవాలన్న ఆసక్తి ఎన్నడూ కలగలేదు.

"అలారం మోగినప్పుడల్లా చేస్తున్న పని ఆపేసి, ఏం చేస్తున్నావో ఒక్క మాటలో చెప్పాలి," అని భార్యకు నియమాలు వివరించారు. "నేను మాత్రం దేన్నీ ముట్టుకోను. పరిశీలకుడు చెయ్యి పెడితే లెక్క పాడైపోతుంది."

"ఆ నియమం పెళ్లైన దగ్గర్నుంచీ పాటిస్తూనే ఉన్నారుగా," అందావిడ. "కొత్తేముంది?"

అలారం మోగింది. ఆవిడ కాలు వంటింట్లోనే ఓ పక్కన వేసుకున్న కుట్టుమిషను మీద ఉంది. ఆవిడ స్కూలు యూనిఫారాలు కుట్టి ఒక దుకాణానికి ఇస్తుంది, సాయంత్రానికి ఒక కట్ట అందించాలి. చెవి కుక్కరు కూత మీద ఉంది. పక్క పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. కన్ను గుమ్మం వైపు పాకుతున్న పక్కింటి పాప మీద ఉంది. ఆ పాప తల్లి నర్సు, రాత్రి డ్యూటీ ముగించుకొచ్చి నిద్రపోతున్నంతసేపూ పాప ఇక్కడే.

"ఏం చేస్తున్నావు?"

"ఏది చెప్పమంటారు? కాలు సంగతా, చెవి సంగతా?"

"కంటి సంగతి చెప్పు!" దశాంశంగారు ముందుకు వంగారు. "పాపని ఎప్పటినుంచి కనిపెట్టుకుని ఉన్నావు? మధ్యలో మానేశావా? మానేసినట్టు నీకెలా తెలుస్తుంది?"

ఈ మూడో ప్రశ్నకు ఆవిడ నిజంగానే ఆలోచనలో పడింది. ఆ ఆలోచన పూర్తయ్యేలోగా పాలు పొంగి, పొయ్యి ఆర్పి, గట్టు దిగి ఆయన చెప్పుల దాకా వచ్చాయి.

"పొంగుతుంటే చూళ్లేదా మీరు?"

"చూశాను. మొదటినుంచీ చూశాను. మీగడ ముందు మధ్యలో లేచింది."

"మరి దించలేదే!"

"పరిశీలకుణ్ణి కదా!"

ఆవిడ గుడ్డ తెచ్చి తుడిచి, మరో గిన్నెలో పాలు పెట్టింది. దశాంశంగారికి మాత్రం కొత్త కుతూహలం పుట్టింది. పాలు రెండు మోతల నడుమ పొంగిపోయాయి గనుక మోతలు దగ్గర దగ్గరగా ఉండాలి. అలారాన్ని అలా సవరించారు. చిలికి చిలికి గాలివాన కావడం అక్కడ మొదలైంది.

అలారం మోగింది. ఆవిడ గరిటె వదిలేసి ఆయనవైపు తిరిగి నిలబడింది.

"ఏం చేస్తున్నావు?"

"మీకు జవాబు చెబుతున్నాను."

"అంతకుముందు?"

"అంతకుముందు మోతకీ జవాబే చెప్పాను."

"కూర మాడుతున్నట్టుందే!"

"ఆపెయ్యమన్నారుగా, ఆపేశాను."

విధి లేక దశాంశంగారు గరిటె అందుకున్నారు, ఒక్కసారికే అనుకుంటూ. మరి రెండు మోతలయ్యేసరికి ఆయన ఒక చేతిలో గరిటె, రెండో చేతిలో పాప ఉన్నాయి. అలారం పట్టుకోవడానికి మూడో చెయ్యి లేక దాన్ని భార్యకిచ్చారు. ఆవిడ వెళ్లి మూల కుర్చీలో కూర్చుంది. కాసేపు అటూ ఇటూ కదిలి చూసి, "ఈ కుర్చీ ఎప్పుడు కొన్నాం? బావుందే!" అంది.

ఈలోగా ఆయన తల్లి నిద్ర చెడి లేచింది. "ఏమిట్రా ఆ మోతలు?"

"ఆడవాళ్ల పని లెక్కపెడుతున్నామమ్మా. ఎవరి మీద ఎంత భారముందో తెలిస్తే, ప్రభుత్వం ముందు ముందు ఏదైనా సాయం చెయ్యొచ్చు."

పెద్దావిడ చెవికి ఎక్కింది సాయం ఒక్కటే. "అయితే నా పనీ లెక్కెయ్యి. నేనేం ఖాళీగా కూర్చున్నానా?" అంటూ, నిరూపణ కోసం, ఎదురుగా ఉన్న అలమరాను నిలువునా దింపేసింది. కోడలు కత్తిరించి జతలుగా పేర్చి పెట్టుకున్న యూనిఫారం ముక్కలు అందులోనే ఉన్నాయి. కాలర్లు, జేబులు, చేతులు అన్నీ నేల మీద కులాసాగా కలిసిపోయాయి.

"అత్తయ్యా!" అని కోడలు కుర్చీలోంచి సగం లేచింది. అలారం మోగింది. నియమం గుర్తొచ్చి మళ్లీ కూర్చుంది. కానీ ఈసారి ఆవిడ ముఖంలో నవ్వు లేదు. "సాయంత్రానికి కట్ట అందకపోతే ఆ దుకాణం మళ్లీ నాకు బట్ట ఇవ్వదండీ," అంది మెల్లగా.

దశాంశంగారు గరిటె పెట్టేసి, పాపను చాప మీద దింపి, పక్కనే చతికిలబడి ముక్కలు ఏరడం మొదలుపెట్టారు. ఎడమ చేతికీ కుడి చేతికీ తేడా కనిపెట్టడం ఆయన ఊహించినదానికంటే ఆసక్తికరంగా ఉంది.

మోతలకు నిద్రపట్టక నర్సు వచ్చింది. "ఏమైంది పిన్నిగారూ?"

"భారం ఎక్కువున్న ఇంటికి సాయం మనిషిని పంపిస్తారట," అంది పెద్దావిడ రహస్యంగా.

నర్సు ఆవులింత మధ్యలో ఆపి, ఇంటికెళ్లి ఉతకాల్సిన బట్టల మూట తెచ్చి వంటింట్లో పడేసింది. లెక్క జరిగేది ఇక్కడైతే భారమూ ఇక్కడే ఉండాలి కదా! పైవాటా టీచరమ్మ పరీక్ష పేపర్ల కట్టతో దిగింది. "అన్నయ్యగారూ, బళ్లో దిద్దితే ఇది జీతం పని. ఇంటికి తెచ్చుకుని దిద్దితే ఏ గడిలో వేస్తారు?"

"అద్భుతం! దానికీ గడి లేదు!" అన్నారాయన కాలరు గాల్లో ఊపుతూ.

సరిగ్గా అప్పుడు డైరెక్టరుగారు గుమ్మంలో నిలబడ్డారు. ఇస్త్రీ చొక్కా, శుభ్రమైన ఖాళీ చేతులు. పెద్దావిడ కళ్లు ఆ చేతుల మీదే నిలిచాయి.

"వచ్చావా నాయనా! ఇంత త్వరగా పంపిస్తారనుకోలేదు సుమా!"

"అమ్మా, నేను డైరెక్టర్ని—"

"ఎవరైతేనేం, ఒళ్లు వంచుతావుగా! ఇలా కూర్చో. నువ్వేం చెయ్యక్కర్లేదు, ఈ పిల్లని ఊరికే చూస్తూ ఉండు."

దశాంశంగారు నోరు తెరిచేలోగానే డైరెక్టరుగారు చాప మీద కూలబడ్డారు. ఊరికే చూడటమే కదా అని ఆయన నవ్వుకుంటూ ఉండగానే, పాప కత్తెర వైపు పాకింది. కత్తెర లాగేసుకుంటే గుండీ నోట్లో పెట్టుకుంది. గుండీ ఊడబెరికితే కుట్టుమిషను తొక్కుడు పలక మీదికెక్కింది. చివరికి ఆయన ఒళ్లోనే, ఎడమ మోకాలి మీద తల పెట్టుకుని నిద్రపోయింది. జేబులో ఫోను గునిసి గునిసి ఊరుకుంది. ఈగ ఒకటి ముక్కు మీద వాలింది. డైరెక్టరుగారు దాన్ని చూస్తూ ఉండిపోయారు.

అలారం మోగింది.

"ఏం చేస్తున్నారండీ?" అంది ఇల్లాలు కుర్చీలోంచి.

"ష్! లేస్తుంది!" డైరెక్టరుగారు గుసగుసగా మండిపడ్డారు. "ఏం చేస్తున్నానంటారేమిటమ్మా! ఇందాకట్నుంచి నాకు రెప్ప వాల్చే తీరిక లేదు."

"ఒక్క మాటలో చెప్పాలండీ."

ఆయన చాలాసేపు మాట కోసం వెతుక్కున్నారు. "చూస్తూ... కూర్చున్నాను."

"అంటే ఖాళీయేగా?"

"ఖాళీయా! నా ఎడమకాలు ఉందో లేదో కూడా తెలీట్లేదు!" అన్నారాయన. అన్నాక, సమావేశంలో తాను నవ్విన నవ్వు ఎక్కడో వినిపించినట్టు ఆగిపోయారు. చివరికి దశాంశంగారి వైపు తిరిగి, "గడి పెట్టుకోండయ్యా. ముందు ఈ పిల్లని అందుకోండి," అన్నారు.

"క్షమించాలి సార్," అన్నారు దశాంశంగారు పొయ్యి మీంచి చూపు తిప్పకుండా. "పాలు పొంగేలా ఉన్నాయి."

యూనిఫారాల కట్ట సాయంత్రానికి దుకాణం చేరింది. ముక్కలు జతపరచడంలో నర్సూ టీచరమ్మా ఓ చెయ్యి వేశారు, ఇల్లాలు అలారం నొక్కేసి మిషను మీద కూర్చుంది. అయితే అప్పటికి లెక్క ముగిసింది కనుక, ఆ కుట్టు లెక్కలోకి రాలేదు. మొదటి మోతకు ఆవిడ ఒక్క మాటలో జవాబివ్వనేలేదు. ఆ తర్వాత మోగినప్పుడల్లా చెప్పింది "జవాబు చెబుతున్నాను" అనే, అలారం చేతికొచ్చాక అడిగింది కూడా ఆవిడే. అడగడానికీ, జవాబు చెప్పడానికీ గడి లేదు.

"రేపు కూడా లెక్కపెడదామా?" అని ఆవిడ ఆ రాత్రి ఆశగా అడిగింది.

ఆనాటి అధికారిక లెక్క ప్రకారం, ఆ ఇంట్లో పనీపాటా లేకుండా కూర్చున్నది ఇల్లాలు ఒక్కతే.