చవక డబ్బాలో రంగుల ఆట

విశాఖపట్నం పౌరులకు తెలియజేయునది ఏమనగా, మన శ్రీరామ్మూర్తి వీడియో గేమ్ కొనుటకు నిశ్చయించుకున్నాడు. రేవు దగ్గర ఓ ప్రైవేటు సరుకు రవాణా కంపెనీలో గుమాస్తా అతను. ఆఫీసులో హెడ్ క్లర్కు కుర్చీ ఖాళీ అయింది. ప్రాణాలన్నీ దానిమీదే పెట్టుకున్నాడు. అలాంటి సమయంలో ఆటవస్తువేమిటని అడిగేవాళ్లకు లోకజ్ఞానం తక్కువ.

ఓడలో పనిచేసే సత్యం సింగపూర్ నుంచి రెండు రకాలు తెచ్చాడు. టీవీకి తగిలించి ఆడుకోవాలి.

"బావా, ఈ సవకదాంట్లో బొమ్మలు తెలుపూ నలుపే. ఈ ఖరీదుదాంట్లో రంగులొత్తాయి. నీకేటి కావాల?"

శ్రీరామ్మూర్తి ఇంట్లో ఉన్నది నలుపు తెలుపు టీవీ. ఏది తగిలించినా ఒకటే కనుక, సహజంగానే అతని మనసు ఖరీదైనదాని మీదికి పోయింది. పైగా భార్య తాయారు, "మాయన రంగులదే తెత్తన్నాడు" అని వీధి కుళాయి దగ్గర చాటింపు వేసేసింది. ఇప్పుడు చవకది తెస్తే ఆవిడ ఏ మొహం పెట్టుకుని నీళ్లకు వెళ్తుంది, పాపం!

చిక్కల్లా మేనేజరు సన్యాసిరాజు గారితో వచ్చింది. వారింట్లో ఉన్నది చవకది. దొరగారికి లేని రంగులు గుమాస్తాకు ఉండటం క్రమశిక్షణా రాహిత్యం. ఆ ఆఫీసు మర్యాద అటువంటిది. ఆయనకు బట్టతల వచ్చాక జుట్టున్నవాళ్లంతా సిగ్గుపడి పొట్టిగా కత్తిరించుకున్నారు.

"సత్తెం, ఖరీదుదాన్ని సవకదాని డబ్బాలో ఎట్టీ. దాని డబ్బా ఏరేగా ఇచ్చీ" అన్నాడు శ్రీరామ్మూర్తి.

ఆనాటి నుంచి వీధివాళ్లు వస్తే షోకేసులోకి ఖరీదైన డబ్బా, ఆఫీసువాళ్లు వస్తే చవక డబ్బా. జనం పోయాక తాయారు కూర్చుని ఆడేది. బంతి కొట్టడంలో ఆవిడ చెయ్యి బాగా తిరిగింది.

ప్రమోషన్ కాగితం మీద సంతకానికి ముందు మేనేజరు గుమాస్తా ఇంట వంజరం చేపల పులుసు తినడం కంపెనీ ఆనవాయితీ. సన్యాసిరాజు గారు తిన్నారు, త్రేన్చారు, షోకేసు చూశారు.

"శభాష్! ఉన్నదాంట్లో సర్దుకోవడం ఉత్తమ ఉద్యోగి లక్షణం. మాదీ ఇదేనయ్యా. పిల్లలు విరగ్గొట్టారు. నాలుగు రోజులు ఇది మా ఇంట్లో ఉండనీ."

కాదనే గుమాస్తా ఇంకా పుట్టలేదు. శ్రీరామ్మూర్తి స్వయంగా జీపుదాకా మోసి, వచ్చి కూలబడ్డాడు.

"కొంప మునిగిపోనాదే! దొరగారింట్లో రంగుల టీవీ ఉంది!"

"నీ కుర్సీ సంగతి సరే, నా ఆట సంగతేటి?" అని తాయారు ఏడ్చినంత పని చేసింది.

సోమవారం మేనేజరు గారు పిలిపించి తలుపు వేయించారు.

"ఏమయ్యా, అందులో రంగులొస్తున్నాయేమిటి?"

శ్రీరామ్మూర్తి క్షమాపణకు చేతులు జోడించాడు. మేనేజరు గారు మాత్రం లేచి భుజం తట్టారు.

"ఇంతవరకూ నాకు కానుకలిచ్చిన వెధవలంతా ఊరు ఊరంతా చూసేట్టు ఇచ్చారు. నువ్వు ఖరీదైనదాన్ని చవక డబ్బాలో దాచి, నా అంతట నేనే అడిగి పట్టుకెళ్లేట్టు చేశావు. పరిపాలనా దక్షత అంటే ఇదయ్యా!" అని సంతకం పెట్టారు.

"మళ్లీ ఒకటి కొనీయవా?" అంది తాయారు ఆ సాయంత్రం.

"నాను కొనడమేటే, పిచ్చిదానా! నా కింద గుమాస్తాలు నేరా?"

ఉన్నారు. వాళ్లూ సత్యం కోసం రేవులో కాచుకున్నారు. అందుకే అతను ఈమధ్య సింగపూర్ నుంచి ఒట్టి చవక డబ్బాలే తెస్తున్నాడు. లోపల పెట్టేది ఎవరి తాహతుకొద్దీ వారు పెట్టుకుంటున్నారు. ఇదేం అన్యాయమని మండిపడే పాఠక మహాశయులు, తమ అబ్బాయి ఉద్యోగానికి అర్జీ పెట్టినప్పుడు కబురు చెయ్యండి. ఒక డబ్బా తీసి ఉంచుతాం.