చీర కట్టిన అర్జీదారు

ఆ మంగళవారానికి మునిశేఖర్ వేసుకున్న పథకంలో తికమక ఏమీ లేదు. పొద్దున ఆరింటికి చీర కట్టుకోవాలి. ఎనిమిదింటికి గంగమ్మ దర్శనం. తొమ్మిదింటికి బావమరిది ధర్మేంద్ర ఆటోలో కూర్చుని చీర విప్పి, ప్యాంటూ చొక్కా తొడుక్కోవాలి. పదకొండుకు కార్మిక శాఖ ఆఫీసులో అప్పీలు విచారణకు పెద్దమనిషిలా హాజరవ్వాలి.

చీర ఎందుకంటే మొక్కు. నిరుడు మామిడికాయల సీజనులో, వడమాలపేట దగ్గరి గుజ్జు ఫ్యాక్టరీలో, కాయల పెట్టెల దొంతర మీది నుంచి పడి అతని కుడి భుజం చెడింది. ఆపరేషనుకు లోపలికి తీసుకెళ్తుంటే భార్య కోమలి, చెయ్యి నిలిస్తే జాతరలో ఆడవేషం కట్టిస్తానని తిరుపతి గంగమ్మకు మొక్కుకుంది. చెయ్యి నిలిచింది. జాతర వారంలో మగవాడు చీర కడితే తిరుపతిలో ఎవరూ నవ్వరు, దణ్ణం పెడతారు. వేషం ఒంటి మీద ఉన్నంతసేపూ ఆ మనిషి అమ్మవారే.

అప్పీలు ఎందుకంటే ఆపరేషను ఖర్చు. పడింది ఇంట్లోనే గానీ మా దగ్గర కాదని కంపెనీ అడ్డం తిరిగింది, మొదటి విచారణలో ఆ మాటే నెగ్గింది. ఆ ఖర్చు కోసం కోమలి తన రెండు పాడి ఆవులనూ అమ్మేసింది. అమ్మి పది నెలలైనా, తెల్లవారగానే చెంబు పట్టుకుని ఖాళీ కొట్టం దాకా వెళ్ళి, అప్పుడు గుర్తొచ్చి వెనక్కి వచ్చేది. అది చూసినప్పుడల్లా మునిశేఖర్‌కు భుజం నొప్పి లెక్కలోకి వచ్చేది కాదు.

వేషం మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. మీసం తీసేసి, ముఖానికి పసుపు పూసి, సవరం, ముక్కుపుడక, మెడనిండా పూలదండలు పెట్టేసరికి కన్నతల్లి అయినా పోల్చుకోలేదు. కుదరనిది తక్కినదంతా. దర్శనం అయ్యేసరికి పదిన్నర దాటింది. బయటికొచ్చి చూస్తే ఆటో లేదు. రద్దీకి పోలీసులు దాన్ని ఎటో తరిమేశారు. బట్టలూ పర్సూ ఇద్దరి ఫోన్లూ అందులోనే ఉన్నాయి. మిగిలింది కోమలి చంకలోని కాగితాల సంచి ఒక్కటే.

భక్తులు అతని చేతిలో పెట్టిన దక్షిణ కొంత ఉంది. దాంతో ఒక చొక్కా కొనుక్కుంటానన్నాడు.

"అది అమ్మ దుడ్డు. అమ్మ యాడన్నా చొక్కా తొడుక్కుంటాదా?" అంది కోమలి.

ఇద్దరూ నడక మొదలుపెట్టారు. పది అడుగులకొకరు కాళ్ళకు మొక్కుతున్నారు. కుడిచెయ్యి లేవదు కనుక ఎడమచేత్తో దీవిస్తే ఒక ముసలమ్మ, ఇదేం దీవెన అని నడిరోడ్డు మీద నిలేసింది. అప్పటినుంచి ఎడమచేత్తో కుడి మోచేతిని పైకి ఎత్తి పట్టుకుని మరీ దీవిస్తూ, పదకొండు దాటాక ఆఫీసు చేరేసరికి అతనికి తల ప్రాణం తోకకొచ్చింది.

కోమలి కాగితాలు ఇవ్వడానికి లోపలికి వెళ్ళింది. మునిశేఖర్ వరండా బెంచీ మీద కొంగు కప్పుకుని ముడుచుకు కూర్చున్నాడు. అంతలో మెట్లెక్కి జయచంద్ర వచ్చాడు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, ఇవాళ కంపెనీ తరఫు సాక్షి. కంపెనీ పక్షాన చేరాడని, పది నెలలుగా ఆ పేరు తలుచుకుంటేనే మునిశేఖర్‌కు ఒళ్ళు మండేది.

జయచంద్ర బెంచీ వైపు చూశాడు. చెప్పులు విడిచాడు. వచ్చి కాళ్ళ మీద పడ్డాడు.

"అమ్మా గంగమ్మా, ఈడికే వచ్చినావా తల్లీ. ఇప్పుడు లోపలికి పోయి నేనొక అబద్ధం చెప్పాల. ఆ మునిశేఖరు నా కండ్ల ముందరే పెట్టెల మింద నించి పడినాడు. ఇంట్లో పడినాడని చెప్పమంటా ఉండారు. బిడ్డ చదువుకుంటా ఉండాది, ఉద్యోగం పోతే ఏం చేసేది? ఈ ఒక్క తప్పు కాయమ్మా."

మునిశేఖర్ 'అన్నా, నేను' అనబోతే ఆ మనిషి ఇంకా గట్టిగా పాదాలు పట్టుకున్నాడు. తిట్టాలని ఉంది, కానీ కాళ్ళ మీద ఏడుస్తున్న మనిషిని తిట్టడం ఎలాగో తెలియలేదు. చివరికి అలవాటైన ప్రకారం మోచెయ్యి ఎత్తి పట్టుకుని దీవించాడు. జయచంద్ర కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

కాసేపటికి బంట్రోతు మునిశేఖర్ పేరు పిలిచాడు. గంగమ్మ లేచి లోపలికి నడిచింది.

కంపెనీ వకీలు పక్కన కూర్చున్న జయచంద్ర ముఖంలో నెత్తురు చుక్క లేదు. అధికారిణి పంకజాక్షి కాగితాల్లోని ఆధార్ కార్డునూ ముక్కుపుడకనూ మార్చి మార్చి చూసింది. కోమలి మొక్కు సంగతి విన్నవించుకున్నాక, పంకజాక్షి బల్ల కింద మెల్లగా చెప్పులు విడిచి, చూసింది చూసినట్టు చెప్పమని సాక్షిని అడిగింది.

జయచంద్ర కంపెనీ రాసిచ్చిన కాగితాన్ని చూశాడు, చీరను చూశాడు. "చెప్పాల్సింది బయటే చెప్పేసినాను మేడం. అమ్మకొకటి, మీకొకటి చెప్పలేను," అన్నాడు. వకీలు మోచేత్తో పొడుస్తున్నా ఆగకుండా, పెట్టెలు కదలడం దగ్గర్నుంచి మనిషి పడడం దాకా అంతా చెప్పేశాడు.

అప్పుడు మునిశేఖర్ లేచాడు.

"ఆ పొద్దు ఈ అన్న తన చొక్కా చించి నా చెయ్యి కట్టినాడు మేడం. బండి మింద ఆస్పత్రికి తీసకపోయినాడు. ఇంకొంచెం ఆలస్యమయ్యింటే చెయ్యి దక్కేది కాదని డాక్టరే చెప్పినాడు. ఈయన్ని తిట్టుకుంటా తిట్టుకుంటా, ఆ మేలు చెప్పడమే మర్సిపోయినాను."

నిజంగానే కృతజ్ఞత పొంగుకొచ్చి వంగి జయచంద్ర కాళ్ళు పట్టుకోబోయాడు. జయచంద్ర కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"వేషం విప్పినాక దండం పెట్టుకోప్పా. ఇప్పుడు నాకు పాపం."

ఆపరేషను ఖర్చంతా కంపెనీయే భరించాలని పంకజాక్షి తేల్చింది. బయట, అప్పుడే బట్టల సంచి పట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చిన ధర్మేంద్రను ఎవరూ పట్టించుకోలేదు. సీజను నెత్తిమీద ఉంది, ఫ్యాక్టరీ యంత్రాల తత్వం జయచంద్రకు తప్ప ఇంకెవరికీ తెలియదు, కనుక కంపెనీ అతని మీద నాలుగు రోజులు అరిచి ఊరుకుంది. రెండు నెలలకు కోమలి కొట్టంలో రెండు ఆవులు కట్టేసింది. మొదటి రోజు పాలు మునిశేఖరే జయచంద్ర ఇంటికి తీసుకెళ్ళి, ఈసారి ప్యాంటూ చొక్కాతో, కాళ్ళకు దణ్ణం పెట్టి వచ్చాడు.

తీర్పు ప్రతి చేతికొచ్చాక చూస్తే, అందులో కంపెనీ వకీలు అభ్యంతరం ఒక్కటే నమోదై ఉంది: అర్జీదారు తరఫున హాజరైన గంగమ్మ పేరు సాక్షుల జాబితాలో ముందుగా ఇవ్వలేదని.