కళ్లు తెరిచేదాకా ప్యాకేజీ

ఒక పెద్ద అడవిలో జంతువులకి పెంపకాల మోజు పట్టుకుంది. సెలవు రోజుల్లో వండుకుని తినడానికి వచ్చే మనుషులు కుక్కపిల్లల్ని చంకనేసుకుని తిరగడం అవి చూశాయి. మరుసటి వారానికల్లా ఎలుగుబంటి ఒక కీచురాయిని పెంచింది. జింక నత్తని పెంచింది. తోడేలు కూడా కుందేలును పెంచుతానంది గానీ, మూడు రోజులకి మించి దాని దగ్గర ఏ కుందేలూ పెరగలేదు.

ఏదయ్య అనే ముళ్లపంది మాత్రం మోజుతో పెంచలేదు. అతనికి ఒంటి నిండా ముళ్లు. ఎంత ప్రేమగలవాళ్లయినా రెండు బారల దూరం నుంచే పలకరిస్తారు. బుద్ధెరిగాక అతన్ని ఆనుకుని కూర్చున్నవాళ్లు లేరు. కిందటి వానాకాలం చివర్లో ఒక చుక్కల తాబేలు దారి తప్పి అతని బొరియలోకి వచ్చింది. ముళ్లు పెంకుకి టకటకా తగులుతున్నా పట్టించుకోకుండా పక్కనే ఒరిగి పడుకుంది. ఆ చప్పుడుకే ఏదయ్యకి కళ్లు చెమర్చాయి. దానికి చుక్క అని పేరు పెట్టుకున్నాడు.

ఉగాది వెళ్లిన మూడో రోజు పొద్దున చుక్క తల బయటికి పెట్టలేదు. పిలిచాడు. పలకలేదు. దానికిష్టమైన ఉసిరికాయ ముందు పెట్టాడు. ముక్కు కూడా కదలలేదు. మధ్యాహ్నం దాకా చూశాడు. తాబేలుని టేకాకులో పెట్టి, ఆకు కాడ నోట కరచుకుని, వాగు ఒడ్డున కొత్తగా పెట్టిన 'గుప్పెడు ప్రాణం' అత్యవసర ఆసుపత్రి వైపు లాక్కుంటూ పరుగెత్తాడు.

దారిలో బండ మీద ఎండ కాచుకుంటున్న ముసలి ఉడుము ఎదురైంది. అడవిలో అందరికీ అది బాబాయే.

"ఒరేయ్ ఏదయ్యా, ఎక్కడికిరా ఆ పరుగు?"

"చుక్క పలకడం లేదు బాబాయ్. ప్రాణం మీదికి వచ్చింది."

ఉడుము నాలుక చాపి గాలిని ఒకసారి రుచి చూసింది. "ప్రాణానికేమీ కాలేదురా. ఎండలు ముదిరాయి కదా, నిద్రపోయింది. వాన పడ్డాక లేస్తుంది. తీసుకెళ్లి నీడలో పెట్టు."

ఏదయ్య ఒక్క క్షణం ఆగాడు. ముసలాడు బండ దిగలేదు, చుక్కని ముట్టుకోలేదు, ఏమీ పుచ్చుకోలేదు. "ఉచితంగా చెప్పే మాట ఎలా నమ్మేది బాబాయ్?" అని మళ్లీ ఆకు కాడ కరచుకున్నాడు.

ఆసుపత్రి గుమ్మంలో రామచిలుక కూర్చుని ఉంది. లోపల డాక్టర్ బకేశ్వరం, అంటే కొంగ, ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకుని ఉన్నాడు. వచ్చినవాళ్లు అది ధ్యానం అనుకుంటారు. చేపలు మాత్రం అనుకోవు.

"రోగి వయసెంత?" అడిగింది చిలుక.

"తెలీదమ్మా."

"ఏం తింటుంది?"

"గడ్డి. రాలిన ఉసిరికాయలు."

"మీ ఇంట్లో దుంపలెన్ని ఉన్నాయి?"

ఆ అడవిలో నాణెమూ దుంపే, భోజనమూ దుంపే. ఏదయ్య లెక్క తప్పేవాడు కాదు. రోజూ పడుకునే ముందు ఒకసారి, లేచాక ఒకసారి ఎంచుకుంటాడు.

"నూట నలభై. వానాకాలానికని దాచానమ్మా. బొరియలోకి నీళ్లొస్తే తవ్వుకోవడం కుదరదు, అందుకని..."

"రోగి గురించి ఇంక చెప్పక్కర్లేదు," అంది చిలుక.

పరీక్షలు మొదలయ్యాయి. వడ్రంగిపిట్ట వచ్చి పెంకు మీద మూడుసార్లు కొట్టింది. చెవి పెట్టి వింది. "తలుపు కొడితే లోపలి నుంచి జవాబు లేదు. మంచి లక్షణం కాదు," అంది. తర్వాత స్కానింగ్. గుడ్లగూబ గుండ్రటి కళ్లు రెండూ పెంకు సందులో పెట్టి చాలాసేపు చూసింది. పగలు గుడ్లగూబకి ఏమీ కనిపించదు. అందుకే రిపోర్టు ముందే రాసి ఉంచుతారు. అందులో 'ప్రాణాపాయం' అని ఉంది.

బకేశ్వరం రెండో కాలు కూడా దించాడు. ఆ ఆసుపత్రిలో అది చాలా గంభీరమైన సూచన.

"చూడండి ఏదయ్య గారూ, ఇంకో గంట ఆలస్యమైతే మేం కూడా ఏమీ చేయలేకపోయేవాళ్లం. దీనికి మా దగ్గర 'కళ్లు తెరిచేదాకా' అనే ప్యాకేజీ ఉంది. ప్రవేశం ఎనిమిది. పెంకు పరీక్ష దెబ్బకి ఆరు చొప్పున పద్దెనిమిది. స్కానింగ్ ముప్పై రెండు. చల్లటి బురద పడక, గంటకోసారి తడి నాచు, రేయింబవళ్లు ఇద్దరు సేవకులు, తోడున్నవాళ్లకి రెండు పూటలా భోజనం, అన్నీ కలిపి ఎనభై. మొత్తం నూట ముప్పై ఎనిమిది."

ఏదయ్య కూడి చూశాడు. సరిగ్గానే ఉంది. "నా దగ్గర ఇంక రెండే మిగుల్తాయండీ," అన్నాడు.

"అవి పార్కింగుకి," అంది చిలుక.

"నేను నడిచొచ్చానమ్మా."

"వచ్చి నిలబడ్డారు కదా."

ఏదయ్య చుక్క వైపు చూశాడు. ఆకు మీద అది రాయిలా ఉంది. నూట నలభై దుంపలు లేకుండా వానాకాలం ఎలా గడుస్తుందో అతనికి తెలియదు. కానీ పక్కన ఆ టకటక లేకుండా పడుకోవడం ఎలా ఉంటుందో బాగా తెలుసు. ఒప్పందం తెమ్మన్నాడు.

ఆసుపత్రి ఒప్పందాలన్నీ రాతి మీదే. "మాది చెరగని మాట," అనేవాడు బకేశ్వరం. పలక మీద ఇలా చెక్కి ఉంది: 'రోగి తనంతట తాను కళ్లు తెరిచేదాకా చికిత్స ఆపరాదు. అంతవరకూ రోగిని బయటికి తీసుకుపోరాదు. కట్టినది తిరిగి ఇవ్వబడదు.' ఏదయ్య తన ముల్లు ఒకటి పీకి దానితో గీటు గీశాడు. సాయంత్రానికి దుంపలన్నీ తెచ్చి లెక్కపెట్టి అప్పజెప్పాడు.

లోపల గదిలో జరిగిన సంభాషణ తర్వాత్తర్వాత అడవంతటికీ తెలిసింది. చిలుక కడుపులో మాట దాగదు కదా.

"రోజువారీ బిల్లు వేస్తే నయం కదా డాక్టరు గారూ?" అని అడిగిందట.

"పిచ్చిదానా, రోజుకి పద్నాలుగు చొప్పున లాగితే మూడో రోజు భయపడి తీసుకుపోతాడు. నలభై రెండు వస్తాయి. ప్యాకేజీ అయితే ఇవాళే నూట నలభై. ఇక్కడికి వచ్చిన ప్రాణి ఏదైనా మూడు రోజుల్లో కళ్లు తెరుస్తుంది, లేదా శాశ్వతంగా మూస్తుంది. ఎలాగైనా పడక ఖాళీయే."

మూడు రోజులైంది. చుక్క కళ్లు తెరవలేదు, మూయనూ లేదు. అవి ముందే మూసి ఉన్నాయి.

పది రోజులైంది. ఏదయ్య ఉదయం ఒక దుంప, సాయంత్రం ఒక దుంప తిని, మిగతా వేళంతా బురద పడక పక్కన కూర్చుని చుక్కకి కబుర్లు చెప్పేవాడు. నెల దాటింది. ఉన్నవి ఐదు పడకలు, అందులో చల్లనిది చుక్కదే. గంటగంటకీ నాచు మోసి కప్ప సేవకులిద్దరికీ నడుములు పడిపోయాయి. రోజూ పెంకు కొట్టి కొట్టి వడ్రంగిపిట్ట ముక్కు అరిగి, సొంత చెట్టుకి తొర్ర పెట్టుకోలేని స్థితికి వచ్చింది. ఎండలకి వాగు సన్నబడింది, చేపలు తగ్గాయి. బకేశ్వరం నిజంగానే ధ్యానంలో నిలబడుతున్నాడు.

నలభయ్యో రోజు అతను ఏదయ్య దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "నాయనా, ఇంటి వాతావరణంలో అయితే త్వరగా కోలుకుంటుందేమో. తీసుకెళ్తావా? సగం దుంపలు తిరిగిస్తాను."

ఏదయ్య అదిరిపడ్డాడు. "ప్రాణాపాయం అని మీరే రాశారు కదండీ. ఈ స్థితిలో నేనెక్కడికి తీసుకెళ్లను? తీసుకుపోరాదని రాతి మీద కూడా ఉంది."

అది రోగం కాదు, నిద్ర అని బకేశ్వరానికి ఈపాటికి అర్థమైంది, కానీ ఆ మాట చెబితే గుడ్లగూబ రిపోర్టు అబద్ధమవుతుంది. అబద్ధమైతే మిగతా నాలుగు పడకల వాళ్లూ లేచిపోతారు. బకేశ్వరం వెనక్కి వెళ్లాడు. మర్నాడు ఎవరూ చూడకుండా ఉడుము బండ దగ్గరికి పోయాడు.

"తాబేలు ఎప్పుడు లేస్తుందో చెప్పండి బాబాయ్ గారూ."

"ఉచితంగా చెబితే ఎవరూ నమ్మడం లేదు నాయనా. నేనూ ఫీజు పెట్టాను. ఇరవై."

ఇరవై దుంపలు పుచ్చుకుని, "వాన పడ్డాక," అంది ఉడుము.

బకేశ్వరం కప్పల చేత దోసిళ్లతో నీళ్లు పోయించాడు. వడ్రంగిపిట్ట చేత డొల్ల చెట్టు మీద ఉరుములు మోగించాడు. జింక పెంచుకునే నత్త మోసపోయి బయటికొచ్చింది గానీ, చుక్క రాలేదు. రోహిణి ఎండలకి కప్ప సేవకులిద్దరూ సెలవు పెట్టారు. చివరికి నాచు మోసే పని డాక్టరు గారికే వచ్చింది.

మృగశిర మొదలైన రోజు పొద్దున్నే అడవి మీదికి నల్లటి మబ్బొచ్చింది. అసలు ఉరుము ఉరిమింది. తడిసిన మట్టి వాసన లేచింది. పెంకు అంచున ముందు ముక్కు కనబడింది, తర్వాత ముడతల మెడ, తర్వాత రెండు కళ్లు. చుక్క అటూ ఇటూ చూసింది. ఇల్లు మారినట్టుందే అని ఒక్క క్షణం ఆలోచించి, ఏదయ్య వైపు జరిగి ఆనుకుంది.

టకటక.

ఏదయ్య డాక్టరు గదిలోకి వెళ్లి చేతులు కట్టుకున్నాడు. "డాక్టరు గారూ, డెబ్భై ఆరు రోజులు, రోజుకి రెండు దుంపలు. నూట యాభై రెండు తిన్నాను. కట్టింది నూట నలభై. పన్నెండు ఎక్కువ తిన్నట్టు లెక్క తేలింది. వానలు తగ్గాక తెచ్చిస్తాను."

"వద్దు నాయనా," అన్నాడు బకేశ్వరం. చేతిలో ఇంకా నాచు ఉంది. "నువ్వు వెళ్తే చాలు."

ఏడాది తిరిగింది. మళ్లీ ఉగాది వెళ్లింది. ఒక పొద్దున చుక్క ఉసిరికాయ సగం తిని, ఏదయ్యని ఒకసారి చూసి, తల లోపలికి లాక్కుంది. ఈసారి ఏదయ్య కంగారుపడలేదు. బొరియలో దుంపలు ఎంచాడు. పదకొండు ఉన్నాయి. బయట ఎండ చూశాడు. కాసేపు వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు. తర్వాత టేకాకు పరిచాడు.

ఆసుపత్రి గుమ్మంలో చిలుక అతన్ని చూడగానే లోపలికి ఎగిరిపోయింది. బకేశ్వరం ఎదురొచ్చాడు. పెంకు ముట్టుకోలేదు, వడ్రంగిపిట్టని పిలవలేదు, దుంపలెన్నని అడగలేదు.

"ఇది జబ్బు కాదు నాయనా. ఎండాకాలపు నిద్ర. వాన పడ్డాక లేస్తుంది. నీడలో పెట్టుకో. ఫీజు కూడా వద్దు."

ఆ ఆసుపత్రి పెట్టాక అక్కడ పలికిన మొదటి నిజం అదే.

ఏదయ్య ఆకు కాడ కింద పెట్టి, బురద పడక ఉన్న మూలకేసి చూసి, దిగులుగా తల ఊపాడు.

"ఉచితంగా చెప్పే మాట ఎలా నమ్మేదండీ?"

నీతి: జబ్బు లేని రోగి దొరకడం ఏ ఆసుపత్రికైనా వరమే, కాకపోతే ఆ రోగికి ఇంటికెళ్లే తొందర ఉండాలి.