కలిసికట్టుగా ఏకాంతం

ఈ వేసవిలో అమెరికాలోని ఆష్‌బర్న్ నుంచి ఎనిమిది తెలుగు కుటుంబాలు ఏకాంతం కోసం కలిసికట్టుగా ఆఫ్రికా వెళ్ళివచ్చాయి. ఏకాంతం దిగ్విజయంగా జరిగింది. గ్రూప్ ఫొటో కూడా దిగారు. అందులో వెనక వరసలో సగం చెవి మాత్రం కనిపిస్తున్నది ఏనుగు.

నేను వెళ్ళలేదు. నాకు ఇక్కడ కర్రీ పాయింట్ ఉంది. ఇంటర్ రెండోసారి తప్పాక చదువు నన్ను వదిలేసింది, నేనూ దాని వెంటపడలేదు. అయితే ఎంత చదువుకున్నవాళ్ళైనా శుక్రవారం సాయంత్రం గోంగూర కోసం నా ముందు లైన్లో నిలబడాల్సిందే. లైన్లో నిలబడ్డ తెలుగువాడు నోరు మూసుకుని ఉండడు. కాబట్టి ఈ చరిత్ర రాయడానికి నాకంటే అర్హుడు లేడు.

దీన్ని మొదలుపెట్టింది మా అన్నయ్య కూతురు వసుమతి. పెళ్ళయి ఇరవై ఏళ్ళయింది. ఇన్నేళ్ళలో మొగుడితో కలిసి నయాగరా చూసింది, రెండు కుటుంబాలతో. గ్రాండ్ కాన్యన్ చూసింది, నాలుగు కుటుంబాలతో. పెళ్ళిరోజుకని కాంకూన్ బీచ్‌కి వెళితే అక్కడ మా ఆష్‌బర్న్ బ్రహ్మయ్యగారి షష్టిపూర్తి జరిగింది. అందుకని ఈసారి మొగుణ్ణి ఒకే ఒక్కటి అడిగింది.

"ఏమండీ, మనిద్దరమే వెళ్దాం. మనల్ని తెలిసినవాళ్ళు ఒక్కరు కూడా ఉండని చోటుకి."

చలికాలమంతా వెతికి టాంజానియా అడవిలో రెండు చిన్న క్యాంపులు పట్టుకుంది. ఒకటి మ్వేజీ. నది ఒడ్డున ఎనిమిది గుడారాలు. రెండోది తులివు. ఐదే గుడారాలు, కంచె లేదు, వైఫై లేదు, పైన బకెట్‌లో వేణ్ణీళ్ళు పోస్తే కింద స్నానం. చీకటి పడ్డాక గుడారం దాకా కాపలామనిషి తోడు రావాలి, ఎందుకంటే దారిలో సింహం కూడా నడుస్తుంది. వసుమతి మనసు తులివు మీద ఉంది. అయినా మర్యాదకి, "రెండిట్లో ఏదో మీరే చెప్పండి" అంది.

అదే పొరపాటు.

మా అల్లుడు దామోదర్ డేటా సెంటర్‌లో పెద్ద ఉద్యోగి. అక్కడ ప్రతి మెషీన్ పక్కనా ఇంకో మెషీన్ ఉంటుందట, ఇది పోతే అది ఆదుకోవడానికి. దాంతో ఒక్కటిగా ఉన్నది ఏది కనబడ్డా అతనికి భయం. షర్ట్ కొనాలన్నా వాట్సాప్ గ్రూపు ఆమోదం కావాలి. వెంటనే అందులో పెట్టాడు: "ఫ్రెండ్స్, నేనూ వసూ ఎవరూ లేనిచోటికి వెళ్తున్నాం. సజెషన్స్ ప్లీజ్."

సజెషన్స్ వచ్చాయి. వైఫై లేకపోతే పొద్దున్న ఆఫీసు స్టాండప్ కాల్ ఎలాగని ఒకరు. కంచె లేకుండా హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళ సంఘం, ఎలా ఒప్పుకుందని ఇంకొకరు. ఏనుగులు ఎన్నింటికి వస్తాయో ముందే చెప్తే క్యాలెండర్ బ్లాక్ చేసుకోవచ్చని మరొకరు. నేను ఊరుకోలేక, "ఇంత పెద్ద విషయం మొగుడూ పెళ్ళాం ఇద్దరే తేల్చేస్తారా? ఏకాంతానికి ఒక కమిటీ వేయండి" అని రాశాను. ఆఖర్న నవ్వే బొమ్మ కూడా పెట్టాను. గోంగూర గిన్నె ఖాళీ అయ్యేలోపు కమిటీ పడింది. అధ్యక్షులు బ్రహ్మయ్యగారు. ఇక్కడి తెలుగువాళ్ళ సంఘం, మన మిత్రమండలికి కూడా ఆయనే అధ్యక్షులు కాబట్టి అనుభవం ఉంది.

కమిటీ రెండు క్యాంపుల్నీ నిష్పక్షపాతంగా పరిశీలించింది. తులివులో ఒక గుడారం మనది, మిగతా నాలుగింటిలో ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు. తెలియనివాళ్ళ మధ్య ఏకాంతం ఎలా కుదురుతుంది? అదే మ్వేజీ అయితే ఎనిమిది గుడారాలూ మనవాళ్ళతోనే నింపేయవచ్చు. బయటివాడు ఒక్కడు కూడా ఉండడు. పూర్తి ప్రైవసీ. తీర్మానం ఏకగ్రీవం. దామోదర్ కళ్ళు చెమర్చాయి, ఇంతమంది తన ఏకాంతం కోసం శ్రమిస్తారని అతను అనుకోలేదు.

కాలేజీలో ఉన్న వాళ్ళమ్మాయి ప్రణవి ఫోన్‌లో విని ఒక్కటే అంది. "డాడ్, దిస్ ఈజ్ మన కల్డిసాక్. విత్ లయన్స్." కల్డిసాక్ అంటే వాళ్ళ ఇళ్ళున్న మూసిన సందు లెండి.

ఆ వారం వసుమతి మొగుణ్ణి తీసుకుని నా కొట్టుకొచ్చింది. మూలబల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఇడ్లీ ముట్టుకోలేదు.

"ఇంకో క్యాంప్ చూశాను. ఇంకా చిన్నది. దాని పేరు మీకు కూడా ఎయిర్‌పోర్ట్‌లోనే చెప్తా. రెండు సీట్లు హోల్డ్‌లో పెట్టాను. ఎవ్వరికీ చెప్పకుండా వస్తారా?"

దామోదర్ మొహం వెలిగింది. "వస్తా వసూ. నిజంగా వస్తా." ఒక చట్నీ అయ్యాక, "ఒక్క బ్రహ్మయ్యగారికి మాత్రం చెప్తానే. బాగోదు" అన్నాడు.

వసుమతి అతన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. "కమిటీ అయిడియా నీదే కదా బాబాయ్?"

"నేను జోక్ వేశానమ్మా."

"ఇక్కడ జోకులు నడవవు బాబాయ్. అమలవుతాయి."

రెండు సీట్లలో ఒకటి వదిలేసింది.

ఇక యాత్ర. అడవిలోకి వెళ్ళే చిన్న విమానంలో మనిషికి ఒక మెత్తటి సంచే తీసుకెళ్ళనిస్తారు, బరువు తూచి మరీ ఎక్కిస్తారు. మనవాళ్ళు వివేకంతో బట్టలు దింపేసి ఆవకాయ ఉంచుకున్నారు. దామోదర్ గుడారంలో వసుమతి మంచం ఖాళీగా ఉంది కాబట్టి జాడీలన్నీ దానిమీద పడుకున్నాయి. క్యాంప్ మొత్తం సోలార్ మీద నడుస్తుంది. మొదటి సాయంత్రం మూడు రైస్ కుక్కర్లు ఒక్కసారే పెట్టేసరికి నది ఒడ్డు దాకా చీకటి. ఆ చీకట్లో ఎంతో ఏకాంతంగా అనిపించిందని అందరూ ఒప్పుకున్నారు, ఆ తర్వాత కంప్లయింట్ ఇచ్చారు.

మర్నాడు గైడ్ జీపు ఆపి, పెదవుల మీద వేలు పెట్టి, చెట్టు మీద చిరుతని చూపించాడు. ముందు జీపువాళ్ళు వెనక జీపుకి చెప్పారు. వెనక జీపువాళ్ళు కనబడలేదన్నారు. "అదిగో, ఎడమ కొమ్మ!" "ఎవరి ఎడమ?" చిరుత కాసేపు ఓపిక పట్టి, దిగి, మర్యాదగా వెళ్ళిపోయింది.

ఆఖరి సాయంత్రం నెగడు దగ్గర బ్రహ్మయ్యగారు ఉపన్యసించారు. మైక్ పట్టుకెళ్ళండి, లేకపోతే సింహాలకి వినపడదని వెళ్ళేముందు నేనే అన్నాను. పట్టుకెళ్ళారు.

"మిత్రులారా! ఏకాంతం మన జాతి సంపద! ఒంటరిగా ఉన్నవాడికి దాని విలువ తెలియదు. నలుగురితో పంచుకున్నప్పుడే ఏకాంతానికి సార్థకత! ఈ అరణ్యంలో మనకి మనం తప్ప ఎవరూ లేరు. ఆష్‌బర్న్‌లోనూ అంతే. కావున మనం ఎక్కడికీ రానట్టే లెక్క!"

చప్పట్లు. దామోదర్ కూడా కొట్టాడు. అరుస్తున్న బబూన్ కోతుల్ని కూడా ప్రేక్షకుల్లో కలిపేశారు.

అదే వారం ఒంటరిగా వెళ్ళిన వసుమతి కూడా తిరిగొచ్చింది. ఫొటోలు లేవు. ఫొటోలు లేవు కాబట్టి ఆమె ఆఫ్రికా వెళ్ళలేదని గ్రూపు నిర్ధారించింది. కొందరు జాలిపడ్డారు కూడా. కొట్టుకొచ్చి పెరుగన్నం తింటూ నాకు మాత్రం చెప్పింది.

"గుడారం ముందు ఏనుగు నీళ్ళు తాగుతుంటే దాని కడుపులో గుడగుడ వినపడింది బాబాయ్. అంత నిశ్శబ్దం. పక్కన ఈయనుంటే బాగుండుననిపించింది."

ఆ మాట అతనికి చేరవేశాను. పాపం, ఆఫీస్ నుంచి తిన్నగా పరిగెత్తుకొచ్చాడు. "బాబాయ్ గారూ, ఆ క్యాంప్ పేరేంటి? వచ్చే ఏడు మేమిద్దరమే. ఎవరికీ చెప్పను. ఒట్టు."

లోపలికెళ్ళి వసుమతికి ఫోన్ చేశాను. "నువ్వే ఏదో పేరు కల్పించి చెప్పు బాబాయ్. అది ఆయన దగ్గరే ఆగితే, నిజం పేరు నేనే చెప్తా" అంది.

నాకు ఇష్టమైన పని. ఎదురుగా గిన్నెలో ఉన్నదాన్ని కాస్త వంకర తిప్పి, "ఎన్‌గోంగూరా క్యాంప్" అన్నాను. దామోదర్ గుండె మీద చెయ్యేసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు. దొంగనీళ్ళు కావు, నేను చూశాను.

అతని కారు పార్కింగ్ లాట్ దాటకముందే నా ఫోన్ మోగింది. గ్రూపులో పోల్: "ఎన్‌గోంగూరా. చాలా సీక్రెట్, బయట ఎవరికీ చెప్పకండి. ఎవరెవరు వస్తున్నారు?"

వారం తిరిగేసరికి వేరే రాష్ట్రంలోని షామ్‌బర్గ్ నుంచి కూడా పేర్లు వచ్చాయి. బ్రహ్మయ్యగారు అధ్యక్షత వహించడానికి అంగీకరించారు. ఒకాయన తన కొలీగ్ అక్కడికి వెళ్ళాడనీ, ఫుడ్ యావరేజ్ అనీ రాశాడు. ఇంకొకావిడ నిట్టూర్చింది: "ఎన్‌గోంగూరా ఇప్పుడు మునుపట్లా లేదండీ. మనవాళ్ళు ఎక్కువైపోయారు."

అదంతా వసుమతికి చూపించాను. నవ్విందో ఏడ్చిందో నన్నడక్కండి. గోంగూర కారంగా ఉంది, కళ్ళు తుడుచుకుంది. వచ్చే ఏటికి మళ్ళీ ఒక్క సీటే బుక్ చేసింది.

అసలు పేరు నాకు తెలుసు. మీరు అడుగుదామనుకుంటున్నారనీ తెలుసు. మీరు మంచివాళ్ళు, చెప్తే మీ దగ్గరే ఉంచుకుంటారు, ఆ నమ్మకం నాకుంది.

దామోదర్ కూడా చాలా మంచివాడు.