ఎర్ర జాకెట్, వెనకాల రైనియర్

అమెరికాలోని రెడ్‌మండ్ తెలుగు కుటుంబాల వార్షిక స్కీ విహారం ఈ శీతాకాలం కూడా దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఎప్పటిలాగే ఎవరూ స్కీయింగ్ చేయలేదు. కాబట్టి ఎవరి కాళ్లూ విరగలేదు.

సరంజామా మాత్రం పద్ధతి ప్రకారమే అద్దెకు తీసుకున్నాం: అన్ని కుటుంబాలకూ కలిపి ఒక జత స్కీలు, ఒక హెల్మెట్. ఎర్ర జాకెట్ మా అధ్యక్షులు కృష్ణమూర్తిగారి సొంతం. ఫోటో దిగేవారు దాన్ని తొడుక్కుని, దిగాక తరువాతివారికి అప్పగించాలి.

యాత్ర ముఖ్యోద్దేశం రైనియర్ శిఖరం ముందు ఫోటో దిగడం. చలికాలంలో ఆ కొండ మబ్బుల చాటునుంచి ఎప్పుడో గాని బయటికి రాదు. ఆ రోజు వచ్చింది. మేము కేబుల్ కారు దిగేసరికి ఎదురుగా, తెల్లగా, సగం ఆకాశం ఆక్రమించి ఉంది. మేమంతా వెంటనే, ఎంతో క్రమశిక్షణతో, దానికి వీపు పెట్టి నిలబడ్డాం.

కృష్ణమూర్తిగారు గొంతు సవరించుకున్నారు. "ఫ్రెండ్స్! ఇది జస్ట్ ఫోటో కాదు, మన కమ్యూనిటీ లెగసీ. ఇండియాలో మనవాళ్లు చూడగానే వీళ్లు ఫుల్లుగా సెటిల్ అయ్యారు అనుకోవాలి. అందరూ కోఆపరేట్ చేయండి. పులిహోర తర్వాత."

ఫోటోలు తీసే బాధ్యత వీరభద్రానికి ఏకగ్రీవంగా అప్పగించాం. అతనికి చేయి వణకదు, కాదనడం రాదు. అతని ఉద్యోగం పోయిందనీ, వీసా గడువు ముగిసేలోగా భార్య కనకదుర్గనూ కూతురు నైనికనూ తీసుకుని దేశం వదిలి వెళ్లిపోతున్నాడనీ మాకు తరువాత తెలిసింది. ఉద్యోగం పోయిన సంగతి సాటి తెలుగువాడికి చెప్పకపోవడం మనలో మర్యాద. అతనూ మర్యాదస్తుడే. ఇన్నేళ్లు ఆఫీసు కిటికీలోంచి చూసిన కొండ ముందు ముగ్గురూ కలిసి ఒక్క ఫోటో దిగి వెళ్లాలని, అందుకే ఆ రోజు వచ్చాడు.

ఫోటోల విధివిధానాలు పాఠకులకు తెలియనివి కావు. ముందు అందరూ. తరువాత మగవారు, ఆడవారు, జంటలు, పిల్లలు, గుంటూరువారు, వరంగల్‌వారు, ఒకే కాలేజీలో వేరువేరు సంవత్సరాల్లో చదివినవారు. వాట్సాప్‌లో పంపుకుంటే క్వాలిటీ పోతుంది కనుక ప్రతి ఫోటోనూ ప్రతివారి ఫోన్లోనూ తీయాలి. వీరభద్రం జేబులన్నీ ఫోన్లతో ఉబ్బిపోయాయి. గ్లవ్స్ ఉంటే బటన్ పనిచేయదని తీసేశాడు, వేళ్లు ఎర్రబడ్డాయి. లక్ష్మీకాంతంగారు పట్టుచీర కనిపించాలని కోటు విప్పి, ముఖానికి ఆవిరి అడ్డం రాకుండా ఊపిరి బిగబట్టారు. అయినా కళ్లు మూశారు. అందువల్ల ఆడవారి విభాగం మొత్తం మళ్లీ మొదటి నుంచి తీయవలసి వచ్చింది.

"ఏమండీ, మబ్బు వస్తోంది. ముందు మనది తీయించుకుందాం," అంది కనకదుర్గ.

"ఒక్క నిమిషం దుర్గా. ఫోన్లు చేతికిచ్చేశారు, ఎట్లా కాదంటాను?"

వరంగల్‌వారు అయ్యారు. కాలేజీవారు అయ్యారు. చివరికి ఎర్ర జాకెట్ వీరభద్రానికి చేరింది. అతను తన ఫోన్ కృష్ణమూర్తిగారి చేతిలో పెట్టి, భార్యాబిడ్డల మధ్య నిలబడి, స్కీలు నిలబెట్టి పట్టుకుని నవ్వాడు.

నైనిక వెనక్కి తిరిగింది. "డాడీ, మౌంటెన్ వెళ్లిపోయింది."

కృష్ణమూర్తిగారు ఫోటో అయితే తీశారు. వెనక మబ్బు తప్ప ఏమీ లేదు. అలాంటిది ఏ పార్కింగ్ లాట్‌లోనైనా దిగవచ్చు. "టెన్షన్ పడకండి వీరభద్రం గారూ," అన్నారాయన భుజం తట్టి. "కొండ ఎక్కడికీ పోదు, మీరూ ఎక్కడికీ పోరు. అర్జెంటైతే చెప్పండి, మా ఫోటోలోంచి కొండ కట్ చేసి మీ వెనక పెట్టేద్దాం."

వీరభద్రం "అంతేనండీ" అన్నాడు. అతని కళ్లు చెమర్చాయి. చలి అలాంటిదని మేము అనుకున్నాం. కనకదుర్గ మాత్రం అనుకోలేదు. అతని చేతులు పట్టుకుని తన కోటు జేబులో పెట్టుకుంది.

కిందికి దిగుతున్నప్పుడు నైనిక అడిగింది. "మౌంటెన్ ఎలా ఉంది డాడీ? నా బ్యాక్ అటుంది, నేను చూడలేదు."

నిజానికి మాలో ఎవరూ సరిగ్గా చూడలేదు. ఆ పూటంతా కొండకు ఎదురుగా నిలబడినవాడు అతనొక్కడే. నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు: పైన గుండ్రంగా ఉందని, మంచులో నీలం గీతల్లాంటి పగుళ్లున్నాయని, మబ్బు ముందు ఎడమ భుజం మీదికి వచ్చిందని. పిల్ల నోరు తెరుచుకుని వింది. మేము ఫోటోలు పెద్దవి చేసి మా ముఖాలు చూసుకుంటున్నాం.

మరుసటి నెల అధికారిక ఆల్బమ్ విడుదలైంది. కృష్ణమూర్తిగారు అన్నీ శ్రద్ధగా పరిశీలించి గ్రూపులో ఇలా రాశారు: "వీరభద్రం గారూ, ఈసారి రాలేదా? ఒక్క ఫోటోలో కూడా కనిపించలేదు. నెక్స్ట్ ఇయర్ మిస్ కావద్దు!" వీరభద్రం జవాబుగా బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టాడు. అప్పుడతను విమానాశ్రయంలో పెట్టెలు తూకం వేయిస్తున్నాడట.

ఆ ఫోటోలు మీకూ వచ్చే ఉంటాయి. ఎర్ర జాకెట్ ఎక్కడ కొన్నారని అడిగినవారందరికీ వివరాలు పంపాం. తీసిందెవరని మాత్రం మీలో ఒక్కరూ అడగలేదు.